కూలి డబ్బు ఎక్కడ ఆగింది? ప్రజా విధాన సమస్యపై డేటా సైన్స్ వాడే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

ప్రభుత్వ పథకాల మీద డేటా సైన్స్ చేద్దామనుకునే వాళ్లలో చాలామంది మోడల్‌తో, అంటే డేటా నుంచి అంచనా కట్టే లెక్కతో, మొదలుపెడతారు. ప్రోగ్రామింగ్ భాషల్లో పైథాన్ వాడాలా, ఆర్ వాడాలా, ఏ అల్గారిథమ్ బాగుంటుంది అని అడుగుతారు. ఆ ప్రశ్న చివర్లో రావాలి. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మనం కొలుస్తున్నది ఏమిటి? ఆ కొలతను ఏ తేదీ నుంచి మొదలుపెట్టి ఏ తేదీ దగ్గర ఆపుతున్నాం? ఇక్కడ పొరపాటు జరిగితే ఎంత గొప్ప మోడలైనా తప్పు జవాబే ఇస్తుంది. పైగా ఆ జవాబు చాలా నమ్మకంగా కనిపిస్తుంది.

పది సమస్యల్ని పైపైన తడమకుండా ఒకే సమస్యను పట్టుకుని చివరిదాకా వెళ్దాం. ఉపాధి హామీ కూలి ఆలస్యం. 2005 నాటి చట్టం కింద ఈ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. దాని స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించినా, ఇన్నేళ్లుగా పోగైన రికార్డు నేర్చుకోవడానికి ఇప్పటికీ బంగారు గని. ఒక్కో మస్టర్ (పనికి వచ్చినవాళ్ల హాజరు పట్టిక), ఒక్కో చెల్లింపు స్థాయి దాకా జనం చూడగలిగే పథకాలు మన దేశంలో చాలా తక్కువ.

అడుగు 1: ఫిర్యాదును ప్రశ్నగా మార్చండి

“పని చేసి నెలైంది, డబ్బులు పడలేదు.” గ్రామసభల్లో వినిపించే మాట ఇది. ఇందులో బాధ ఉంది, నిజం ఉంది. కానీ లెక్క కట్టడానికి ఇది చాలదు. దాన్ని ఇలా మార్చాలి: “ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన మండలంలో ముగిసిన మస్టర్లలో ఎన్ని చెల్లింపులు 15 రోజుల లోపు కూలీల ఖాతాల్లో పడ్డాయి? పడనివి ఏ మెట్టు దగ్గర ఆగాయి?”

ఇందులో కాలం ఉంది, ప్రాంతం ఉంది, దేన్ని లెక్కిస్తున్నామో ఉంది, గడువు ఉంది. వీటిలో ఒక్కటి లేకపోయినా ప్రశ్న ఇంకా సిద్ధం కానట్టే.

ఆ తర్వాత ఇంకో మాట రాసుకోండి. జవాబు వచ్చాక ఎవరు ఏం చేయగలరు? కొలతలు తీయడంలో ఆలస్యమైతే మండలంలో ఉపాధి హామీ పనులు చూసే అధికారి ఏపీఓ, ఎంపీడీఓ సరిచేయగలరు. నిధుల విడుదలలో ఆలస్యమైతే మండల అధికారిని నిలదీసి లాభం లేదు, ఢిల్లీని అడగాలి. జవాబు ఏదొచ్చినా ఎవరూ ఏమీ చేయలేరని తేలితే అది పరిశోధనకు పనికొస్తుందేమో గానీ విధానానికి పనికిరాదు. వేరే ప్రశ్న వెతుక్కోండి.

అడుగు 2: డేటా తెరవక ముందు కాగితం వెంట నడవండి

నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైన భాగం ఇదే. చాలామంది దాటేసేదీ ఇదే.

వారం పని ముగిసి మస్టర్ మూసేస్తారు. టెక్నికల్ అసిస్టెంట్ వచ్చి కొలతలు తీస్తారు. ఆ కొలతలు ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలోకి ఎక్కుతాయి. దాన్నిబట్టి ఎవరికి ఎంత కూలి రావాలో వేజ్ లిస్ట్ తయారవుతుంది. తర్వాత నిధుల బదిలీ ఉత్తర్వు, అంటే అందరూ ఎఫ్‌టీఓ అనేది, పుడుతుంది. దాని మీద రెండు డిజిటల్ సంతకాలు పడతాయి. ఇక్కడితో స్థానిక యంత్రాంగం పని అయిపోయింది. మొదటి దశ ఇదే. అక్కడి నుంచి ఎఫ్‌టీఓ కేంద్రం చెల్లింపుల వ్యవస్థలోకి వెళ్లి, బ్యాంకుల ద్వారా కూలీ ఖాతాకు చేరాలి. ఇది రెండో దశ. మార్గదర్శకాల ప్రకారం మొదటి దశకు 8 రోజులు, రెండో దశకు 7 రోజులు. కలిపితే 15.

ఇప్పుడు 2005 నాటి చట్టం చూడండి. పక్షం రోజుల్లో కూలి ఇవ్వాలని చట్టం చెబుతుంది. మస్టర్ మూసిన 16వ రోజు దాటితే, ఆలస్యమైన ప్రతి రోజుకూ బకాయి కూలిలో 0.05 శాతం చొప్పున పరిహారం ఇవ్వాలి. 1,500 రూపాయల కూలి 40 రోజులు ఆలస్యమైతే పరిహారం 30 రూపాయలు. మొత్తం చిన్నదే. కానీ ఆ హక్కు ఉందా లేదా అన్నది గడియారాన్ని ఎక్కడ ఆపుతామన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఎఫ్‌టీఓ పుట్టగానే ఆపేస్తే రెండో దశలో జరిగిన ఆలస్యం లెక్కలోకే రాదు. డబ్బు చేతికి రాని కూలీ, కంప్యూటర్ దృష్టిలో సకాలంలో కూలి అందుకున్న మనిషి అవుతాడు.

ఇది ఊహ కాదు, దేశమంతటా జరిగింది. పరిశోధకులు రాజేంద్రన్ నారాయణన్, సకీనా ధోరాజీవాలా, రాజేశ్ గోలానీ కలిసి 2016-17కి సంబంధించి 10 రాష్ట్రాల్లో 90 లక్షలకు పైగా చెల్లింపుల్ని పరిశీలించారు. ఖాతాలో డబ్బు పడేదాకా గడియారం నడిపితే సకాలంలో అందినవి 21 శాతమే. కేంద్ర ప్రభుత్వం చెప్పిన సంఖ్య దీనికన్నా చాలా ఎక్కువ. కేంద్రం ఎఫ్‌టీఓ దగ్గరే గడియారం ఆపింది మరి. 2017 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ పత్రం ఒకటి ఈ పరిశీలనల్ని ఒప్పుకుంది. 2018 మే 18న స్వరాజ్ అభియాన్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు, రెండో దశ ఆలస్యానికి కేంద్రం బాధ్యత నుంచి తప్పుకోలేదని చెప్పింది. ఈ మొత్తం పనిలో మెషిన్ లెర్నింగ్ లేదు. రెండు తేదీల మధ్య తీసివేత, సరైన రెండు తేదీలు ఎంచుకోవాలన్న పట్టుదల, అంతే.

కాబట్టి ఏ పథకం తీసుకున్నా, దరఖాస్తు నుంచి లబ్ధి అందేదాకా కాగితం ఎవరి చేతుల మీదుగా వెళ్తుందో ఒక పేజీలో గీసుకోండి. ప్రతి మెట్టు దగ్గర ఏ తేదీ నమోదవుతుందో, ఎవరు నమోదు చేస్తారో, ఆ తేదీ మీద వాళ్ల పనితీరు అంచనా ఆధారపడి ఉందో లేదో పక్కన రాయండి. తన మార్కులు తానే వేసుకునే చోట తేదీలు అందంగా ఉంటాయి.

అడుగు 3: డేటా తెచ్చుకోండి, తెచ్చినదాన్ని తెచ్చినట్టే దాచండి

ఉపాధి హామీ వెబ్‌సైట్‌లో పంచాయతీ వారీగా మస్టర్లు, ఎఫ్‌టీఓల స్థితి, తిరస్కరించిన చెల్లింపులు కనిపిస్తాయి. ఒక్క మండలానికైతే చేత్తో దించుకుని ఎక్సెల్‌లో పెట్టుకున్నా సరిపోతుంది. జిల్లా మొత్తం కావాలంటే పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాయాలి. సర్వర్ మీద భారం పడకుండా ఒక్కో పేజీకి మధ్య కొన్ని సెకన్లు ఆగేలా రాయండి. జనం పనులకు వాడే సర్వర్‌ అది.

దించిన ప్రతి ఫైలుకూ దించిన తేదీ పేరులోనే ఉండాలి. ఈ పేజీలు మారుతుంటాయి. నిన్న పెండింగ్‌లో ఉన్నది ఇవాళ జమ అయినట్టు కనిపించవచ్చు. మూలం ఫైలులో ఒక్క గడి కూడా మార్చకండి. శుద్ధి చేసేదంతా కాపీ మీదే.

మన రెండు రాష్ట్రాల డేటాతో పనిచేసేవాళ్లకు ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. 2015 నాటి కరీంనగర్‌నూ 2020 నాటి కరీంనగర్‌నూ ఒకే గ్రాఫులో గీస్తే, పని సగానికి పైగా పడిపోయినట్టు కనిపిస్తుంది. పడిపోయింది పని కాదు, జిల్లా చిన్నదైంది. పైగా రెండు రాష్ట్రాలూ చాలాకాలం సొంత సాఫ్ట్‌వేర్ వాడి, తర్వాత కేంద్రం సాఫ్ట్‌వేర్‌కి మారాయి. దాంతో కొన్ని గడుల అర్థమే మారిపోయింది. అందుకే జిల్లాను నమ్ముకోకుండా పంచాయతీ స్థాయిలో మొదలుపెట్టి, స్థానిక సంస్థలకు కేంద్రం ఇచ్చిన కోడ్‌ల ఆధారంగా పాత, కొత్త పేర్లను కలిపే పట్టిక తయారుచేసుకోండి. విసుగు పుట్టించే పనే. కానీ ఇది చేయకుండా మన దగ్గర పదేళ్ల ధోరణి గురించి ఏ మాటా నమ్మకంగా చెప్పలేం.

అడుగు 4: ఖాళీ గడుల్ని తీసేయకండి

డేటా శుద్ధి అనగానే పేర్ల స్పెల్లింగులు, రెండుసార్లు వచ్చిన వరుసలు గుర్తొస్తాయి. అవి ఎలాగూ చేయాలి. అంతకన్నా ప్రమాదకరమైనది జమ తేదీ ఖాళీగా ఉన్న వరుస. “తేదీ లేదు కదా” అని దాన్ని తీసేయడం అందరికీ అలవాటు. కానీ తేదీ లేదంటే డబ్బు ఇంకా పడలేదని అర్థం. అందరికన్నా ఎక్కువ రోజులు ఎదురుచూస్తున్న మనిషినే మనం లెక్కలోంచి తీసేస్తున్నామన్నమాట.

లెక్క కోసం ఊహించుకున్న ఒక ఉదాహరణ చూద్దాం. ఒకే వారం ముగిసిన మస్టర్ నుంచి పది చెల్లింపులు. ఎఫ్‌టీఓ పుట్టడానికి పట్టిన రోజులు: 5, 6, 8, 9, 10, 11, 12, 13, 14, 20. డబ్బు ఖాతాలో పడటానికి పట్టిన రోజులు: 12, 14, 25, 28, 30, 33, 40, 52. చివరి ఇద్దరికీ ఇంకా పడలేదు, ఇవాళ్టికి 70 రోజులైంది.

ఎఫ్‌టీఓ దగ్గర ఆపితే పదిలో తొమ్మిది సకాలమే, 90 శాతం. ఖాతా దగ్గర ఆపితే పదిలో రెండే, 20 శాతం. సగటు చూద్దాం. ఖాళీ గడుల్ని తీసేస్తే ఎనిమిది మంది మొత్తం 234 రోజులు, సగటు 29. ఆ ఇద్దరినీ కనీసం 70 రోజుల చొప్పున కలిపితే 374 రోజులు, సగటు 37. అదీ కనీస అంచనాయే, ఎందుకంటే వాళ్ల నిరీక్షణ ఇంకా ముగియలేదు. అదే మధ్యస్థం (రోజుల్ని చిన్న నుంచి పెద్దకు పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చే సంఖ్య) తీసుకుంటే 30కీ 33కీ మధ్య, 31.5 రోజులు. ఆ ఇద్దరికి ఇంకా ఎన్నాళ్లు పట్టినా ఈ సంఖ్య మారదు. అందుకే ఇలాంటి చోట సగటు కన్నా మధ్యస్థాన్ని నమ్మొచ్చు. చెల్లింపులు వేలల్లో ఉంటే కప్లాన్-మైయర్ పద్ధతి వాడండి. ఇంకా ముగియని నిరీక్షణను కూడా సరిగ్గా లెక్కలోకి తీసుకోవడానికే అది పుట్టింది. పైథాన్‌లో లైఫ్‌లైన్స్ ప్యాకేజీ, ఆర్‌లో సర్వైవల్ ప్యాకేజీ ఆ పని కొన్ని వరుసల్లో చేసిపెడతాయి.

ఇంకొక జాగ్రత్త. చెల్లింపుల్ని డబ్బు పడిన నెలను బట్టి గుంపులు చేయకండి, మస్టర్ మూసిన వారాన్ని బట్టి చేయండి. డబ్బు పడిన నెలను బట్టి చేస్తే పడని వాళ్లు ఏ నెలలోనూ కనిపించరు. పాత బకాయిలు ఒకేసారి విడుదలైన నెలలో మాత్రం ఆలస్యం ఒక్కసారిగా పెరిగినట్టు ఉంటుంది. నిజానికి ఆ నెలలో జరిగింది మంచి.

అడుగు 5: ఎక్కడ ఆగిందో విడదీయండి

ఇప్పుడు రెండు దశల్నీ వేర్వేరుగా గీయండి. అడ్డంగా మస్టర్ మూసిన వారాలు, నిలువుగా మధ్యస్థ రోజులు, ఒక్కో మండలానికి ఒక గీత. చూడాల్సిన ఆనవాళ్లు రెండు.

ఒక మండలంలో మొదటి దశ మాత్రమే పొడవుగా ఉండి, చుట్టుపక్కల మండలాలు బాగుంటే కారణం అక్కడే ఉంటుంది. టెక్నికల్ అసిస్టెంట్ పోస్టు ఖాళీగా ఉండొచ్చు, ఒకే మనిషి చాలా పంచాయతీలు చూస్తుండొచ్చు, డిజిటల్ సంతకం చేసే అధికారి బదిలీ అయ్యుండొచ్చు. అలా కాకుండా ఒకే వారంలో అన్ని మండలాల్లోనూ రెండో దశ ఒక్కసారిగా పెరిగితే కారణం పైనుంది. ఆర్థిక సంవత్సరం చివరికి వచ్చేసరికి నిధులు అడుగంటితే గ్రాఫులో ఇలాగే కనిపిస్తుంది. ఈ ఒక్క గ్రాఫుతో తప్పు మనిషి మీద నింద పడకుండా ఆపవచ్చు.

రుతువుల్ని మరిచిపోవద్దు. మన దగ్గర ఉపాధి పని ఎక్కువగా ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండాకాలంలో జరుగుతుంది. జూన్‌ను సెప్టెంబరుతో పోల్చితే పథకం కుప్పకూలినట్టు ఉంటుంది. ఈ జూన్‌ను పోయిన జూన్‌తోనే పోల్చాలి.

పంచాయతీలకు ర్యాంకులు ఇవ్వాలన్న ఉబలాటం కలుగుతుంది. ఇచ్చేముందు ఒక్కో పంచాయతీలో ఎన్ని చెల్లింపులున్నాయో చూడండి. ఇరవై చెల్లింపులున్న చిన్న పంచాయతీలో ఒక్క మస్టర్ ఆలస్యమైనా అది జాబితాలో అట్టడుగుకు పోతుంది. అదృష్టం బాగుంటే మొదటి స్థానంలోనూ ఉంటుంది. చిన్నవాటిని పక్కన పెట్టండి, లేదా వాటి సంఖ్యను మండలం సగటు వైపు కొంత లాగే గణాంక పద్ధతి వాడండి.

అడుగు 6: కారణం చెప్పాలంటే పోలిక కావాలి

కొత్త విధానం వచ్చింది, ఆలస్యం తగ్గింది. విధానం వల్లే తగ్గిందా? వానలు ముందే వచ్చి పని తగ్గడం వల్ల తగ్గిందా? విధానం రాకపోయి ఉంటే ఏమయ్యేదో తెలియకుండా దీనికి జవాబు లేదు.

దీనికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఎంతో మంచి ఉదాహరణ ఉంది. వేలిముద్రలతో నడిచే స్మార్ట్‌కార్డుల ద్వారా ఉపాధి కూలి, పింఛన్లు ఇచ్చే విధానాన్ని ప్రభుత్వం తెచ్చినప్పుడు, ఏ మండలంలో ముందు అమలవ్వాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. 8 జిల్లాలు, 157 మండలాలు, దాదాపు 1.9 కోట్ల జనాభా. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ చేసిన ఈ అధ్యయనం 2016లో అచ్చయింది. కార్డులు ముందుగా వచ్చిన మండలాల్లో చెల్లింపులు త్వరగా అందాయి, ఉపాధి హామీ ద్వారా వచ్చే ఆదాయం 24 శాతం పెరిగింది, మధ్యలో కారిపోయే డబ్బు 41 శాతం తగ్గింది. అమలు సగం సగంగా ఉన్నప్పటికీ ఈ ఫలితం వచ్చింది. ఎలాగూ అన్ని మండలాల్లో ఒకేసారి అమలు చేయడం కుదరదు. వరుస ఎలా ఉండాలన్నది లాటరీకి వదిలేస్తే ఖర్చు పెరగదు, నిజం తెలుస్తుంది. ఏదైనా శాఖతో కలిసి పనిచేసే అవకాశం వస్తే అమలు మొదలవక ముందే ఈ మాట అడగండి.

లాటరీ కుదరనప్పుడు, విధానం వచ్చిన చోటును రాని చోటుతో, ముందు కాలాన్ని తర్వాతి కాలంతో కలిపి పోల్చే పద్ధతి ఉంది. రెండు చోట్లా ముందు ధోరణి ఒకేలా ఉందా అన్నది గ్రాఫు గీసి చూడటం ఇందులో కీలకం. ముందు నుంచే దారులు వేరైతే ఆ పోలిక చెల్లదు.

అడుగు 7: ఊరికి వెళ్లండి, లేదా కనీసం ఫోన్ చేయండి

ఖాతాలో పడిందని కంప్యూటర్ చెప్పింది. కూలీ చేతికి వచ్చిందా? ఆధార్ వేరే ఖాతాకు లింకై ఉంటే డబ్బు మనిషికి తెలియని బ్యాంకులో పడుతుంది. ఖాతా నిద్రాణమై ఉంటే తిరిగిపోతుంది. జమ తేదీకీ చేతికొచ్చిన తేదీకీ మధ్య బ్యాంకు దూరం, ఊళ్లో డబ్బు ఇచ్చే బ్యాంకు ప్రతినిధి (బ్యాంకు మిత్ర) దగ్గర నెట్‌వర్క్, వేలిముద్ర పడకపోవడం ఉంటాయి. ఇవేవీ డేటాలో లేవు.

అందుకని చెల్లింపుల జాబితా నుంచి యాదృచ్ఛికంగా కొన్ని పేర్లు తీసుకుని, పాస్‌బుక్ పక్కన పెట్టుకుని సరిచూడండి. సకాలంలో పడినట్టు చూపించిన వాళ్లలో కొందరు, ఆలస్యమైన వాళ్లలో కొందరు, తిరస్కరణకు గురైన వాళ్లలో కొందరు. ఫిర్యాదు చేసినవాళ్లనే కలిస్తే సగమే తెలుస్తుంది. సామాజిక తనిఖీ నివేదికలు కూడా చదవండి. ఇంటింటికీ వెళ్లి రికార్డును మనుషుల ముందు చదివి వినిపించే ఆ పద్ధతిని ప్రభుత్వ వ్యవస్థగా నిలబెట్టడంలో దేశానికి దారి చూపింది మన ప్రాంతమే.

వెళ్లడం కుదరకపోతే ఫోన్ కూడా పనిచేస్తుంది. 2018లో తెలంగాణ రైతుబంధు చెక్కుల పంపిణీ సమయంలో, లాటరీతో ఎంచిన కొన్ని మండలాల్లో రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందా అని అడుగుతామని అధికారులకు ముందే చెప్పారు. ఆ మండలాల్లో చెక్కులు సకాలంలో అందిన రైతులు పెరిగారు. పెరుగుదల చిన్నదే అయినా ఖర్చు ఇంకా చిన్నది. అడుగుతారని తెలియడమే పనిని కదిలించింది.

అడుగు 8: మోడల్ కట్టేముందు, తప్పు ఎవరి మీద పడుతుందో రాసుకోండి

ఏ ఎఫ్‌టీఓ తిరస్కరణకు గురవుతుందో ముందే అంచనా వేసే మోడల్ కట్టొచ్చు. మంచిదే. దాని తప్పు ఎలా ఉంటుంది? అవసరం లేని ఖాతాను ఒకసారి అదనంగా సరిచూస్తారు. పోయేది ఒక ఉద్యోగి పది నిమిషాలు.

అనర్హుల్ని పట్టే మోడల్ అలాంటిది కాదు. తెలంగాణలో వేర్వేరు శాఖల డేటాను కలిపి కుటుంబాల ఆర్థిక స్థితిని అంచనా వేసే సమగ్ర వేదిక అనే వ్యవస్థను రేషన్ కార్డుల ఏరివేతలో వాడారు. లక్షల కార్డులు రద్దయ్యాయి. చాలామందికి నోటీసు కూడా రాలేదు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దయిన కార్డుల్ని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022లో కోర్టు ఆదేశించింది. అర్హులై ఉండి కార్డు పోగొట్టుకున్నవాళ్లు ఆ పరిశీలనలో బయటపడ్డారు. ఇక్కడ మోడల్ తప్పు చేస్తే పోయేది ఒక ఇంటి బియ్యం.

98 శాతం ఖచ్చితత్వం అనగానే చాలా బాగుందనిపిస్తుంది. పది లక్షల కార్డుల మీద మిగిలిన 2 శాతం అంటే 20 వేల ఇళ్లు. వాటిలో ఎన్ని అర్హుల ఇళ్లో ఖచ్చితత్వం అనే ఒక్క సంఖ్య చెప్పదు. అనర్హుణ్ణి వదిలేసిన తప్పులెన్ని, అర్హుణ్ణి తీసేసిన తప్పులెన్ని అని విడివిడిగా చూపించండి. మోడల్ చెప్పిందాన్ని నిర్ణయంగా కాక, ఇంటికి వెళ్లి చూడాల్సిన వాళ్ల జాబితాగా మాత్రమే వాడండి. నోటీసు, సంజాయిషీ, అప్పీలు లేని చోట మీ మోడల్‌ను ఇవ్వకండి. అడిగింది ఎవరైనా సరే.

వ్యక్తుల వివరాల సంగతీ ఇక్కడే. ఉపాధి హామీ వెబ్‌సైట్‌లో పేర్లు అందరికీ కనిపిస్తాయి. కనిపిస్తున్నాయి కదా అని మీ నివేదికలో కూలీల పేర్లు, జాబ్ కార్డు నంబర్లు అచ్చు వేయకూడదు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది.

అడుగు 9: బల్ల మీద పెట్టే కాగితం

అధికారికి నలభై పేజీల నివేదిక ఇస్తే అది బీరువాలోకి వెళ్తుంది. ఒక పేజీ ఇవ్వండి, తెలుగులో. పైన ఒక సంఖ్య, అది ఎలా లెక్కించారో రెండు వాక్యాలు, రెండు దశల గ్రాఫు, కింద వాళ్ల పరిధిలో ఆగిపోయిన ఎఫ్‌టీఓల జాబితా. ఆ జాబితా ఉంటే మీటింగ్ అయిపోకముందే ఎవరో ఒకరు ఫోన్ తీసి “ఇది ఎందుకు ఆగింది” అని అడుగుతారు. అదే కాగితం గ్రామసభలో కూడా చదవాలి. కూలీలకు చెప్పేటప్పుడు శాతాలు వద్దు. “పది మందిలో ఇద్దరికి పక్షంలో పడ్డాయి” అంటే చాలు.

ఎక్కడ మీ లెక్క బలహీనమో ఆ పేజీలోనే రాయండి. ఎన్ని వరుసల్లో తేదీలు తప్పుగా ఉన్నాయి, ఎన్ని పాస్‌బుక్‌లు సరిచూశారు, అందులో ఎన్ని తేడా వచ్చాయి. మీరు దాచితే ఎదుటివాళ్లు కనిపెడతారు. అప్పుడు మొత్తం పనే కొట్టుకుపోతుంది.

మూడు నెలల తర్వాత అదే స్క్రిప్ట్‌ను, అదే నిర్వచనంతో మళ్లీ నడపండి. మధ్యలో సంఖ్య బాగా కనిపించడం కోసం నిర్వచనం మార్చమని ఎవరైనా అడిగితే, పాత నిర్వచనంతో వచ్చిన సంఖ్యను కూడా పక్కనే అచ్చు వేయండి. కోడ్, నిర్వచనాలు, దించిన తేదీలు ఒకే ఫోల్డర్‌లో ఉంచి, మండలంలో ఇంకొకరికి నడపడం నేర్పండి.